అంగడిలో ఏది దిగితే అది: పాలమూరు, నల్లగొండ ఇళ్ళలో కాలానికి తగిన వంట

ఏ కూర వండాలో ఇంట్లోనే నిర్ణయించుకొని, చీటీ రాసుకొని అంగడికి వెళ్ళే అలవాటును ముందుగా మానుకోవాలి. చేతిలో చీటీ ఉంటే కన్ను దాని మీదనే ఉంటుంది. నడి ఎండాకాలంలో పచ్చి బఠాణీ కోసం, ఆషాఢంలో క్యాలీఫ్లవర్ కోసం వెతికి, వాడిపోయిన సరుకును ఎక్కువ ధర పెట్టి తెచ్చుకుంటాము. దానికి బదులు అంగడిలో మొదట ఒక చుట్టు ఊరికే తిరిగి, ఏ కూరగాయ ఎక్కువ గంపల్లో కనిపిస్తున్నదో, దేని ధర పోయిన వారం కంటే దిగిందో చూసుకొని, దానినే కొనాలి. ఎక్కువ గంపల్లో ఉన్నదంటే చుట్టుపక్కల చేలలో అది కాపు మీద ఉన్నదని అర్థం. 1999 జనవరిలో మొదలైన రైతు బజార్లు దగ్గరలో ఉన్నవారికి మరొక వీలు ఉంది: పండించినవారే ఎదురుగా కూర్చుంటారు కాబట్టి, ఎప్పుడు కోశారని అడిగి తెలుసుకోవచ్చు.

ఇలా కొనాలంటే ఏ కూర దొరికినా వండగల ధైర్యం ఉండాలి. ఆ ధైర్యానికి వంటల పుస్తకమంతా తలకెక్కించుకోనక్కరలేదు. పప్పు, తొక్కు (రోటి పచ్చడి), వేపుడు, పచ్చి పులుసు అనే నాలుగు పద్ధతులు చేతికి వస్తే, ఏడాది పొడుగునా మన నేల మీద పండే కూరల్లో చాలా వరకు వాటిలో ఏదో ఒక దానిలో ఒదుగుతాయి. వాటి పక్కన జొన్న రొట్టె చేయడం వస్తే భోజనానికి వెలితి ఉండదు. ఈ వ్యాసంలో ఆ పద్ధతులను, అవి ఎందుకు అలా ఉన్నాయన్న కారణాలతో సహా చెబుతాను. కారణం తెలిసినవారికి కొలతలు మారినా వంట చెడదు.

ఏ కాలంలో ఏమి వస్తాయి

మృగశిర కార్తె, అంటే జూన్ రెండో వారం, దాటి తొలకరి పడిన తరువాత చెలకల్లో ముందుగా కనిపించేవి ఆకుకూరలు. గంగవాయిలి (పాయల) కూర, పొన్నగంటి కూర, తుమ్మికూర ఎవరూ విత్తకుండానే మొలుస్తాయి. తుమ్మికూరను వినాయక చవితి నాడు తప్పకుండా వండుకునే ఇళ్ళు మన వైపు ఇప్పటికీ ఉన్నాయి. అయితే ఏరుకొని తెచ్చుకునే కూరల విషయంలో ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి: నల్లగొండ జిల్లాలో పత్తి సాగు ఎక్కువ, పత్తికి మందులు కొట్టడమూ ఎక్కువ, కాబట్టి పత్తి చేను గట్ల మీది కూరను, రోడ్డు వారన పెరిగిన కూరను కోసుకోరాదు. మందు కొట్టని జొన్న చెలకలోనో, ఇంటి పెరట్లోనో మొలిచిన దానిని మాత్రమే తినాలి.

ఆషాఢ శ్రావణాల్లో నల్లమల వైపు నుంచి బోడకాకరకాయలు వస్తాయి. ఆ తరువాత బీర, సొర, బెండ, గోకరకాయలు (గోరుచిక్కుడు), మక్క కంకులు బతుకమ్మ పండుగ దాకా విరివిగా దొరుకుతాయి. చలి మొదలయ్యాక చిక్కుడు, వంకాయ, టమాట, పచ్చి కందికాయలు, సంక్రాంతి ముందు అనపకాయలు, చింతకాయలు దిగుతాయి. కొత్త కందులు కూడా అప్పుడే ఇళ్ళకు చేరుతాయి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. దొరికితే ఆ పప్పును ఒకసారి వండి చూడవలసిందే. మాఘ ఫాల్గుణాల్లో పండు మిరపకాయలు, యాసంగి పల్లీలు; ఉగాది నుంచి మామిడికాయ, చింతచిగురు, మునక్కాయ, దోసకాయ. బిందు సేద్యం, పందిళ్ళు వచ్చాక ఈ హద్దులు కొంత చెరిగిపోయిన మాట నిజమే గాని, కాలం కాని కాలంలో వచ్చిన బీరకాయకూ శ్రావణంలో తీగ మీది నుంచి కోసిన బీరకాయకూ రుచిలో ఉన్న తేడా నాలుక మీద పడగానే తెలుస్తుంది.

కడగడం, కోయడం

వానకాలపు ఆకుకూరలో మట్టి, ఇసుక ఎక్కువగా ఉంటాయి. జల్లెడలో వేసి పైనుంచి నీళ్ళు పోస్తే అవి పోవు. వెడల్పాటి బేసిన్ నిండా నీళ్ళు పట్టి, ఆకును ముంచి, చేతితో నాలుగు సార్లు కదిపి, ఒక నిమిషం ఆగాలి. ఇసుక అడుగుకు చేరిన తరువాత ఆకును పైనుంచి రెండు చేతులతో ఎత్తి వేరే గిన్నెలో వేసుకోవాలి. ఆకుతో సహా నీళ్ళను వంచితే అడుగున చేరిన ఇసుక తిరిగి ఆకు మీదికే వస్తుంది. బేసిన్ అడుగున ఇసుక తగలని దాకా నీళ్ళు మార్చి ఇదే పని చేయాలి. కోయడం ఎప్పుడూ కడిగిన తరువాతనే. కోసి కడిగితే సి విటమిన్ వంటి నీటిలో కరిగే పోషకాలు ఆ నీటితోనే పోతాయి.

వండే నీటి గురించి కూడా ఒక మాట చెప్పాలి. మునుగోడు, మర్రిగూడ ప్రాంతాలు ఫ్లోరైడ్ నీటితో ఎంత బాధపడ్డాయో అందరికీ తెలుసు. నీటిని మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందనుకోవడం పొరపాటు. నీరు ఆవిరవుతున్న కొద్దీ మిగిలిన నీటిలో అది మరింత చిక్కబడుతుంది. అందుచేత శుద్ధి చేసి సరఫరా చేసే నీటిని తాగడానికి మాత్రమే ఉంచుకొని, వంటకు బోరు నీళ్ళు వాడే అలవాటు మంచిది కాదు. పైగా బోరు నీళ్ళు చాలా చోట్ల ఉప్పన, గట్టి నీళ్ళు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల పప్పు గింజ మెత్తబడడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఎంత ఉడికించినా పప్పు పలుకుగానే ఉన్నదంటే తప్పు పప్పులో కాక నీటిలో ఉండవచ్చు.

ఆకుకూర పప్పు

నలుగురికి ఒక గ్లాసు కందిపప్పు సరిపోతుంది. దానిని కడిగి అరగంట నానబెట్టి, రెండున్నర నుంచి మూడు గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు, ఒక చెంచా నూనె వేసి కుక్కర్లో మూడు నాలుగు విజిళ్ళు రానివ్వాలి. నూనె వేస్తే నురుగు తక్కువ వచ్చి విజిల్ గొట్టం మూసుకుపోకుండా ఉంటుంది.

ఇక్కడ కొత్తగా వండేవారు ఎక్కువగా చేసే పని ఏమిటంటే, పుల్లని కూరను కూడా పప్పుతో పాటే కుక్కర్లో వేసేయడం. పులుపు తగిలితే పప్పు గింజ గోడలు గట్టిగా ఉండిపోయి, ఎన్ని విజిళ్ళు వచ్చినా మెదగదు. పుంటికూర (గోంగూర), చుక్కకూర, చింతచిగురు, మామిడికాయ, టమాట, వీటిలో ఏది వేసినా పప్పు పూర్తిగా మెత్తబడిన తరువాతనే వేయాలి. తోటకూర, పాలకూర వంటి పులుపు లేని కూరలు పప్పుతో కలిపి ఉడికించినా నష్టం లేదు గాని, వాటిలో పోసే చింతపండు రసం మాత్రం చివరకే. గంగవాయిలి కూరలో కొద్దిగా సహజమైన పులుపు ఉంటుంది కాబట్టి దానికి చింతపండు సగానికి తగ్గించుకోవాలి.

చింతచిగురు పప్పును కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే అది ఏడాదిలో కొద్ది వారాలే దొరుకుతుంది, దానిని పాడు చేసుకోవడం చాలా బాధాకరం. లేత ఎరుపు కలిసిన ఆకుపచ్చ రంగులో, ఈనెను గిల్లితే తెగిపోయే చిగురునే కొనాలి. ఆకు ముదురు పచ్చగా మారితే పీచు తగులుతుంది. పుల్లలు ఏరివేసి, కడిగి, బట్ట మీద ఆరబెట్టాలి. తడి పూర్తిగా ఆరిన తరువాత రెండు అరచేతుల మధ్య వేసుకొని నలపాలి. నలుపుతున్నప్పుడు చిన్న ఈనెలు విడివడి కింద రాలుతాయి, ఆకు పొడిపొడిగా అవుతుంది, చేతులకు పుల్లని వాసన అంటుకుంటుంది. నాలుగు గుప్పెళ్ళ చిగురు నలిపితే గుప్పెడు కూడా మిగలదు, అందుకే తెచ్చేటప్పుడు చేయి వెనక్కు తీయరాదు. కడాయిలో రెండు చెంచాల నూనె వేడి చేసి, నిలువుగా చీల్చిన ఆరు పచ్చిమిరపకాయలు, ఒక ఉల్లిగడ్డ ముక్కలు మగ్గనిచ్చి, ఈ చిగురును వేసి, రంగు మారేదాకా రెండు మూడు నిమిషాలు వేయించాలి. పులుపు వల్ల ఆకుపచ్చ రంగు పోయి గోధుమ వన్నెకు తిరుగుతుంది. అది సహజమే, మాడిందని కంగారు పడనక్కరలేదు. అప్పుడు మెదిపిన పప్పు, ఉప్పు కలిపి, సన్నని మంట మీద ఐదు నిమిషాలు ఉడకనివ్వాలి. చింతపండు అక్కరలేదు. ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిరపకాయలు, దంచిన ఎల్లిపాయలు, కరివేపాకుతో పోపు పెట్టి వెంటనే మూత మూయాలి. పోపులో ఎల్లిపాయ అంచులు ఎర్రబడేదాకా ఆగడం ముఖ్యం. పచ్చిగా దించితే పప్పు మీద ఆ ఘాటే నిలుస్తుంది.

ఇదే వరుసలో చిగురుకు బదులు మామిడికాయ ముక్కలు వేస్తే మామిడికాయ పప్పు, చుక్కకూర వేస్తే చుక్కకూర పప్పు. పులుపు ఎక్కువ తక్కువలను బట్టి కూర కొలత మార్చుకుంటే చాలు.

జొన్న రొట్టె

జొన్న రొట్టె రాదని చాలామంది ముందే చేతులెత్తేస్తారు. విరిగిపోవడానికి కారణం చేతివాటం తక్కువై అని అనుకుంటారు గాని, ఎక్కువ సార్లు అసలు కారణం పిండిలో, నీటి వేడిలో ఉంటుంది. గోధుమలో సాగే గుణాన్ని ఇచ్చే గ్లూటెన్ జొన్నలో లేదు. ఆ లోటును తీర్చేది వేడి నీరు: మరిగే నీటిలో జొన్నలోని గంజి పదార్థం ఉబ్బి జిగురుగా మారి పిండిని పట్టి ఉంచుతుంది. చల్లని నీళ్ళతో ఎంత పిసికినా ఆ జిగురు రాదు. రెండో సంగతి, జొన్న పిండి త్వరగా పాతబడుతుంది. పాత పిండి కొద్దిగా చేదెక్కుతుంది, రొట్టె అంచులు పగులుతాయి. కాబట్టి గిర్నిలో ఒక్కసారే పది కిలోలు పట్టించి పెట్టుకోక, రెండు వారాలకు సరిపడా మాత్రమే పట్టించుకోవాలి.

ఒక గ్లాసు నీళ్ళను చిటికెడు ఉప్పుతో తెర్లనిచ్చి, మంట తగ్గించి, ఒక గ్లాసు పిండిని ఒక్కసారిగా పోసి, గంటె కాడతో కలిపి, దించి, ఐదు నిమిషాలు మూత పెట్టాలి. చేయి పట్టగలిగేంత వేడి ఉన్నప్పుడే పళ్ళెంలోకి తీసుకొని, పక్కన గిన్నెలో చల్లని నీళ్ళు పెట్టుకొని, చేయి తడుపుకుంటూ అరచేతి మడమతో నొక్కి నొక్కి పిసకాలి. మొదట పిండి పొడిపొడిగా విడిపోతూ మొండికేస్తుంది. నాలుగైదు నిమిషాల తరువాత ఒక్కసారిగా నున్నబడి చేతికి అంటడం మానేస్తుంది. అక్కడిదాకా ఓపిక పట్టాలి. ప్రతి రొట్టెకు ముద్ద తీసుకున్నప్పుడు దానిని మళ్ళీ ఒక పది సార్లు పిసికి, పగులు లేకుండా గుండ్రంగా చేసుకోవాలి.

పీట మీద పొడి పిండి చల్లి, ముద్దను పెట్టి, అంచుకు ఎడమ చేయి అడ్డం పెట్టి, కుడి చేతి వేళ్ళతో మెల్లగా తడుతూ తిప్పాలి. తట్టే దెబ్బ అంచుల వైపు పడాలి గాని నడుమ కాదు. నడుమ పలుచనైతే ఎత్తేటప్పుడు అక్కడే తెగుతుంది. రొట్టె తిరగడం ఆగిందంటే అడుగున పిండి అయిపోయిందని గుర్తు. పెనం బాగా కాగిన తరువాత, పొడి పిండి ఉన్న వైపు పైకి వచ్చేలా వేసి, తడి బట్టతో పైన నీళ్ళు రాయాలి. ఆ తడి ఆరీ ఆరక ముందే తిప్పాలి. రెండో వైపు ఎర్రని మచ్చలు వచ్చాక మళ్ళీ తిప్పి, బట్టతో అంచులు ఒత్తితే రొట్టె పొంగుతుంది. కట్టెల పొయ్యి ఉన్నవారు చివరగా నిప్పుల ముందు నిలబెట్టి కాల్చుకుంటే దాని రుచి వేరు. గ్యాసు మంట మీద అర నిమిషం కాల్చినా బాగానే ఉంటుంది. చేయి తిరగని రోజుల్లో రెండు నూనె రాసిన కవర్ల మధ్య ఒత్తుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

తొక్కు, వేపుడు, పచ్చి పులుసు

తొక్కు నూరేటప్పుడు ఏది ముందు, ఏది వెనుక అన్నదే అసలు విద్య. వేయించిన పల్లీలు లేదా నువ్వులు మొదట బరకగా దంచాలి. తరువాత నూనెలో వేయించిన మిరపకాయలు, ఉప్పు, జీలకర్ర, ఎల్లిపాయలు. మగ్గించిన కూర అన్నింటికంటే చివర. మిక్సీలో అయితే కూర వేసిన తరువాత ఒకటి రెండు సార్లు తిప్పి ఆపేయాలి. అన్నీ ఒక్కసారే వేసి మెత్తగా పట్టిస్తే పల్లీలోని నూనె బయటికి వచ్చి తొక్కు జిగటగా తయారవుతుంది. పుంటికూర, బీరకాయ, టమాట, దోసకాయ, వంకాయ అన్నింటికీ ఇదే వరుస. పుంటికూరలో ఎర్ర కాడది పులుపు ఎక్కువ, తెల్ల కాడది తక్కువ. దానిని బట్టి మిరపకాయలు వేసుకోవాలి. బీరకాయ లేతదైతే చెక్కు పారేయకుండా దానినే వేయించి తొక్కు చేసుకోవచ్చు.

వేపుడుకు చెప్పవలసింది తక్కువ. బోడకాకరకాయను నిలువుగా నాలుగు ముక్కలు చేసి, లేత గింజలను ఉంచి, ముదురు గింజలను తీసివేసి, నూనె, ఉప్పు, పసుపు, కారంపొడి తప్ప మరేదీ వేయకుండా మూత లేకుండా వేయించాలి. మసాలాలు వేసి దాని రుచిని కప్పిపుచ్చడం నాకు బొత్తిగా నచ్చదు. గోకరకాయను మాత్రం ఉప్పు నీటిలో ముందు ఉడికించి వార్చి, చివరలో వేయించిన నువ్వుల పొడి చల్లాలి. సంక్రాంతి ముందు వచ్చే అనపగింజలను ఉప్పు వేసి ఉడికించి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి పోపులో వేస్తే గుడాలు సిద్ధం.

ఎండాకాలంలో పొయ్యి దగ్గర నిలబడలేని రోజున పచ్చి పులుసు చేసుకోవాలి. నిమ్మకాయంత చింతపండును నానబెట్టి, మూడు గ్లాసుల పలుచని రసం తీసుకోవాలి. సన్నగా తరిగిన ఉల్లిగడ్డను, మంట మీద కాల్చిన మూడు పచ్చిమిరపకాయలను, ఉప్పు, జీలకర్ర వేసి చేత్తో గట్టిగా పిసికి రసంలో కలపాలి. పిసకకుండా వేస్తే ఉల్లిగడ్డ రుచి రసంలోకి దిగదు. కొత్తిమీర, ఒక చెంచా నువ్వుల పొడి, పైన చిన్న పోపు. దీనిని మరిగించరాదు.

అదే కాలంలో పొద్దుటి పూట తైద (రాగి) అంబలి. రెండు పిడికిళ్ళ తైద పిండిని రాత్రి నీళ్ళలో కలిపి ఉంచి, కొద్దిగా పులిసిన దానిని పొద్దున మరిగే నాలుగు గ్లాసుల నీళ్ళలో పోసి, ఉండ కట్టకుండా తిప్పుతూ చిక్కబరచి, చల్లారాక చల్ల (మజ్జిగ), ఉప్పు, ఉల్లిగడ్డ ముక్కలు కలుపుకోవాలి. 100 గ్రాముల తైదల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మన సాధారణ తిండి గింజల్లో దీనికి సాటి వచ్చేది లేదు. పండ్ల విషయంలో వండేదేమీ లేదు గనుక, నల్లగొండ బత్తాయిని, బాలానగర్ సీతాఫలాన్ని, కొల్లాపూర్ మామిడిని వాటి వాటి కాలాల్లో మిస్ కాకుండా తింటే సరిపోతుంది.

ఎక్కువ దొరికినప్పుడు

కాలానికి తగ్గట్టు కొనేవారికి ఒక్కోసారి అవసరానికి మించి సరుకు చేరుతుంది. ఆకుకూరను కడగకుండా తడి నూలు బట్టలో చుట్టి చల్లని చోట ఉంచితే రెండు రోజులు నిలుస్తుంది, అంతకు మించి ఆశించరాదు. నిలవ ఉంచదగిన వాటిలో మొదటిది చింతకాయ తొక్కు. మార్గశిర పుష్యాల్లో, లోపల గింజ ఇంకా ముదరని చింతకాయలను కడిగి, తడి లేకుండా తుడిచి, కిలోకు 200 నుంచి 250 గ్రాముల ఉప్పు, రెండు చెంచాల పసుపు వేసి కచ్చాపచ్చాగా దంచి జాడీలో పెట్టాలి. మూడో రోజు తీసి, గింజలు, ఈనెలు ఏరివేసి, మళ్ళీ దంచి జాడీకి ఎత్తుకోవాలి. కావలసినప్పుడు పొడి గంటెతో నిమ్మకాయంత తీసి, వేయించిన మిరపకాయలు, జీలకర్ర, ఎల్లిపాయలతో నూరి పోపు పెట్టుకోవచ్చు. తడి గంటె పెడితే మాత్రం జాడీ అంతా బూజు పడుతుంది.

రెండోది ఒరుగులు. గోకరకాయ, దోసకాయ, టమాట, కాకరకాయ చవకగా ఉన్నప్పుడు ముక్కలు కోసి, కొద్దిగా ఉప్పు రాసి, ఫాల్గుణ చైత్రాల ఎండలో పలుచని బట్ట కప్పి ఎండబెట్టాలి. కాకరకాయ ముక్కలను ముందుగా ఒక రాత్రి ఉప్పు కలిపిన చల్లలో నానబెడితే చేదు తగ్గుతుంది. సాయంత్రం మంచు దిగక ముందే లోపలికి తెచ్చి, పొద్దున మళ్ళీ ఎండకు పెట్టాలి. విరిస్తే టక్కున విరగాలి. వంగుతున్నదంటే తడి ఉన్నట్టే, ఇంకొక ఎండ కావాలి. పూర్తిగా చల్లారిన తరువాతనే డబ్బాకు ఎత్తాలి, వేడి మీద మూత పెడితే లోపల చెమ్మ చేరుతుంది. వండే ముందు వేడి నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టి, నీళ్ళు పిండేసి, కాకర, గోకర ఒరుగులను వేపుడుకు, టమాట, దోసకాయ ఒరుగులను పప్పుకు వాడుకోవాలి. వాటిలో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి, కూరలో ఉప్పు రుచి చూసిన తరువాతనే వేయాలి.